కుర్ర గుర్రాన్ని బండెక్కించాలి: మత్తు ఇంజెక్షనా, మచ్చికా?

మా షెడ్డులో మూడు పెద్ద గుర్రాలున్నాయి. సాయంత్రాలు ఆర్కే బీచ్‌లో పిల్లల్ని ఎక్కించుకుని తిరుగుతాయి. ముహూర్తాలున్న రోజుల్లో పెళ్ళి ఊరేగింపులకి వెళ్తాయి. చలికాలం సీజన్‌కి రెండింటిని అరకు తీసుకెళ్తాం. ఈ ఏడు వాటితో పాటు మా దగ్గరే పుట్టిన రెండేళ్ళ మగ గుర్రప్పిల్ల కూడా బయల్దేరాలి. వాడు ఇంతవరకూ బండి ఎక్కలేదు. వెనకనుంచి లారీ హారన్ మోగితే చాలు, ఒళ్ళంతా వణికిపోతాడు.

"ఓ మత్తు ఇంజెక్షన్ వేయించేస్తే పోలా, తూగుతూ తూగుతూ అరకు చేరిపోతాడు" అన్నాడు బాబాయ్. నేను వద్దన్నాను. బాబాయ్ అడిగినదాంట్లో తప్పులేదు. ఇంజెక్షన్ కావాలని నేనే డాక్టర్ని బతిమాలిన రోజు కూడా ఉంది. కానీ ఈ ప్రయాణానికి మాత్రం వద్దు.

రెండేళ్ళ క్రితం ఇదే దారిలో ఒక ఆడ గుర్రప్పిల్లని తీసుకెళ్ళాం. "ఈ గుంటకి భయం ఎక్కువ" అని అందరం అనుకునేవాళ్ళం. డాక్టరు ఊళ్ళో లేరు. తెలిసినాయన ఒకరు జైలజిన్ అనే మత్తుమందు తెచ్చి తనే వేశాడు. ఐదు నిమిషాల్లో తల వేలాడేసింది, కింది పెదవి జారిపోయింది, చెప్పినట్టు బండెక్కింది. ఎంత బుద్ధిగా ఎక్కిందో అని మురిసిపోయాం. పెందుర్తి దాటేదాకా అలాగే నిలబడింది. కొత్తవలస వచ్చేసరికి తేరుకుని పక్క చెక్కల్ని తన్నడం మొదలుపెట్టింది. శృంగవరపుకోటలో బండి ఆపి ఇంకో డోసు వేశాడు. అక్కడినుంచి ఘాట్ రోడ్డు. టైడా దాటాక ఒక మలుపులో దాని ముందుకాళ్ళు మడతపడ్డాయి, మోకాళ్ళ మీద పడిపోయింది. ఆ చప్పుడు నాకింకా వినిపిస్తుంది. గాయాలు మానడానికి నెలన్నర పట్టింది. ఆ తర్వాత చాలా కాలం బండి కనిపిస్తే చాలు, వెనక్కి వెనక్కి నడిచేది.

అసలు తప్పు ఎక్కడ జరిగిందో తర్వాత డాక్టరుగారు వివరించారు. జైలజిన్ నరానికి ఇస్తే నిమిషాల్లో పట్టేస్తుంది, కానీ ఉండేది అరగంట, మహా అయితే నలభై నిమిషాలు. వైజాగ్ నుంచి అరకు 115 కిలోమీటర్లు ఉంటుంది. గుర్రాలతో నెమ్మదిగా వెళ్తే ఐదు గంటలు పడుతుంది. అంటే ఊరి పొలిమేరలు దాటేసరికే మందు అయిపోతుంది. మళ్ళీ వేస్తే ఆ మత్తు సరిగ్గా కొండ మలుపుల్లో ఎక్కుతుంది. బండిలో గుర్రానికి సీటు బెల్టు దాని నాలుగు కాళ్ళే. బండి తిరుగుతుంటే ఒంటి బరువును ఒక కాలి నుంచి ఇంకో కాలికి మార్చుకుంటూ నిలబడుతుంది. మందు ముందు తీసేసేది ఆ పట్టునే.

మిగతావి కూడా చిన్నవి కావు. గుండె వేగం తగ్గుతుంది. పేగుల కదలిక మందగిస్తుంది. గుర్రానికి కడుపునొప్పి వస్తే ప్రాణం మీదకి వస్తుందని గుర్రాలు పెంచే ప్రతివాళ్ళకీ తెలుసు. మింగడం సరిగ్గా ఉండదు కాబట్టి మత్తు పూర్తిగా దిగేదాకా మేత పెట్టకూడదు, పెడితే గొంతులో అడ్డుపడుతుంది. చెమట పట్టేస్తుంది. మన సముద్రపు ఉక్కలో, మూసి ఉన్న బండిలో అది ఇంకా కష్టం. మెడ నరానికి వెయ్యాల్సిన సూది పక్కనే ఉన్న ధమనిలోకి పోతే గుర్రం అక్కడికక్కడే మూర్ఛ వచ్చినట్టు కొట్టుకుని పడిపోతుంది. అందుకే తెలిసినాయన చేత వేయించడం అనే మాట మా ఇంట్లో ఇక లేదు. ఇంకోటి, మత్తులో ఉంది కదా అని దాని వెనక నిలబడొద్దు. కదలకుండా ఉన్న గుర్రమే ఉన్నట్టుండి గురిచూసి తన్నుతుంది.

ఏసీప్రొమజైన్ అని ఇంకో మందు ఉంది. కొన్ని గంటలు పనిచేస్తుంది, కాళ్ళు మరీ అంతగా తూలవు. ప్రయాణాలకి చాలా దేశాల్లో దాన్నే ఎక్కువగా అడుగుతారు. కానీ అది గుర్రం ప్రశాంతంగా ఉన్నప్పుడు, ముందుగా ఇస్తేనే పట్టుకుంటుంది. అప్పటికే బెదిరిపోయిన గుర్రం మీద సరిగా పనిచేయదు. రక్తపోటు తగ్గిస్తుంది కాబట్టి నీళ్ళు తాగని గుర్రానికి ప్రమాదం. మగ గుర్రాల్లో అరుదుగా అంగం బయటికి జారి, మళ్ళీ లోపలికి పోక శాశ్వతంగా దెబ్బతింటుంది. మా వాడు మగపిల్ల. నాకు ఆ ఒక్క మాట చాలు.

ఇక రెండో దారి, మచ్చిక చేయడం. దీనికి డబ్బు పెద్దగా అక్కర్లేదు, రోజులు కావాలి. మా పెద్ద ఆడగుర్రానికి మూడు వారాలు పట్టింది. మొదటి వారం బండిని షెడ్డు ముందు నిలిపి ఉంచడం, ఉలవల బకెట్టు మొదట బండెక్కే వాలుబల్ల కింది చివర, తర్వాత దాని మధ్యలో, ఆ తర్వాత లోపల పెట్టడం. లాగకూడదు, వెనకనుంచి కర్ర చూపించకూడదు. ఎక్కితే ఎక్కనివ్వాలి, దిగిపోతే దిగిపోనివ్వాలి. రెండో వారం తలుపు మూసి, ఇంజిన్ ఆన్ చేసి పది నిమిషాలు నిలబెట్టడం. మూడో వారం తెల్లవారుజామున బీచ్ రోడ్డు మీద చిన్న రౌండు, తర్వాత ఋషికొండ దాకా. ప్రతిసారీ ఇంటికే తిరిగొచ్చాం. బండెక్కితే మళ్ళీ ఇల్లు వస్తుందని దానికి తెలియాలి.

ఇందులో అందరూ మర్చిపోయేది తోడు సంగతి. బండికి అలవాటుపడ్డ పెద్ద గుర్రాన్ని ముందు ఎక్కిస్తే చిన్నది సగం భయం అక్కడే వదిలేస్తుంది. తోడు లేనప్పుడు ఎదురుగా అద్దం పెడితే ఒంటరి గుర్రం అటూ ఇటూ తల తిప్పడం, సకిలించడం తగ్గాయని బ్రిటన్‌లో ఒక పరిశోధన చెప్పింది. అయినా నిజమైన తోడు దానికన్నా మేలని కూడా అందులోనే తేలింది. మనుషుల్లో లాగే.

మచ్చిక దారిలోనూ తప్పులు జరుగుతాయి. తల పైకెత్తి బిగించి కట్టేస్తారు, కదలదని. గుర్రం తల దించుకుని దుమ్మును, చీమిడిని బయటికి వదులుకోవాలి. గంటల తరబడి తల పైనే ఉంటే క్రిములు ఊపిరితిత్తుల్లోకి దిగి, ప్రయాణం తర్వాత జ్వరం, న్యుమోనియా వస్తాయి. కాబట్టి తాడు పొడవుగా వదలాలి. కింద జారకుండా రబ్బరు మ్యాటు లేదా కొబ్బరిపీచు చాప వెయ్యాలి. మూడు గంటలకోసారి ఆపి నీళ్ళు పెట్టాలి. అనంతగిరి ఎక్కేముందు మేం తప్పకుండా ఆగుతాం. డ్రైవరుకి చెప్పాల్సింది ఒక్కటే, మలుపులో బ్రేకు కొట్టొద్దు, మలుపుకి ముందే వేగం తగ్గించు.

మరి ఇంజెక్షన్ ఎప్పుడు మేలు? నేర్పడానికి రోజుల్లేనప్పుడు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను మన ఊరి మీద విరుచుకుపడింది. దానికి ముందురోజు గుర్రాల్ని సముద్రం ఒడ్డునుంచి లోపలికి తరలించాం. బండి తెలిసిన ఆడగుర్రం దానంతట అదే ఎక్కింది. కొత్తగా కొన్న గుర్రం వాలుబల్ల మీద ముందుకాళ్ళెత్తి లేచి, ఇద్దరిని కింద పడేసింది. అప్పుడు డాక్టరుగారిని నేనే బతిమాలాను. ఆయన వచ్చి గుండె, ఊపిరి చూసి, కొద్ది మోతాదు ఇచ్చి, దిగేదాకా మాతోనే బండిలో కూర్చున్నారు. అరగంట ప్రయాణం, చదునైన రోడ్డు. ఆ రోజు ఇంజెక్షన్ లేకపోతే ఆ గుర్రం దక్కేది కాదు, తర్వాతి రోజు మా షెడ్డు రేకులన్నీ ఎగిరిపోయాయి. అలాగే పెద్ద గాయమైన గుర్రాన్ని గరివిడి పశువైద్య కళాశాలకి తీసుకెళ్ళాల్సి వచ్చినా డాక్టరు ఏం చెబితే అది చేస్తాను. నొప్పితో ఉన్న గుర్రానికి పాఠం నేర్పే సమయం కాదది.

1978 జంతువుల రవాణా నిబంధనల ప్రకారం ప్రయాణానికి తగిన ఆరోగ్యంతో ఉందని పశువైద్యుడి సర్టిఫికెట్ ఎలాగూ ఉండాలి. అందుకోసం డాక్టరు వచ్చినప్పుడే ఈ విషయం కూడా మాట్లాడండి. బయల్దేరే రోజు పొద్దున గుమ్మం దగ్గర కాదు.

మా వాడికి మచ్చిక మొదలుపెట్టి మొన్నటితో తొమ్మిది రోజులయ్యాయి. వాలుబల్ల మీద రెండు కాళ్ళు పెట్టి ఉలవలు తింటున్నాడు, వెనక కాళ్ళు ఇంకా నేల మీదే ఉన్నాయి. బాబాయ్ రోజూ సాయంత్రం వచ్చి చూసి వెళ్తున్నాడు, నిన్న బకెట్టు తనే పట్టుకున్నాడు. నెలాఖరుకి వాడు లోపలికి అడుగుపెట్టకపోతే ఈ ఏడు అరకుకి రెండు గుర్రాలే వెళ్తాయి.