అండమాన్ ప్యాకేజీ: ముత్యాల కొట్టుకి 2 గంటలు, సెల్యులార్ జైలుకి 40 నిమిషాలు

బరంపురం నుంచి అండమాన్ ప్యాకేజీలో వెళ్లొచ్చాం. నేను, మా ఆవిడ, అమ్మ, నాన్న. ఏ ట్రావెల్స్ అన్నది రాయను, వాళ్ల ఆఫీసు మా వీధి చివరే, రోజూ మొహాలు చూసుకోవాలి. అయిదు స్టార్లలో రెండు. ఆ రెండూ హోటల్‌కీ, హేవ్‌లాక్ దీవి (ఇప్పుడు స్వరాజ్ ద్వీప్) పడవ టికెట్లు ముందే చేతికిచ్చినందుకూ.

గొడవంతా జైలు దగ్గరే. నాన్న రిటైరైన హిస్టరీ మాస్టారు. కొరాపుట్ స్వాతంత్ర్య యోధుడు లక్ష్మణ్ నాయక్‌ని 1943 మార్చి 29న ఉరి తీసింది మన ఊరి జైల్లోనే అని క్లాసులో ప్రతి ఏటా చెప్పిన మనిషి. ఆయన ఈ టూర్‌కి ఒప్పుకున్నదే బ్రిటిష్ వాళ్లు స్వాతంత్ర్య యోధుల్ని బంధించిన సెల్యులార్ జైలు కోసం. పాంప్లెట్‌లో 'జైలు, సగం రోజు' అని రాసి ఉంది. తీరా పోర్ట్ బ్లెయిర్‌లో (ఇప్పుడు శ్రీ విజయపురం అంటున్నారు) ముందు ముత్యాల కొట్టుకి తీసుకెళ్లి రెండు గంటలు కూర్చోబెట్టారు, వాళ్ల కమిషన్ ఎంతో దేవుడికెరుక. జైలు దగ్గర దింపేసరికి భోజనాల వేళకి గేటు మూయడానికి 40 నిమిషాలే ఉంది.

గైడ్ అని ఇచ్చింది కారు డ్రైవర్నే. కుర్రాడు మంచివాడే, కానీ నేతాజీని ఇక్కడే బంధించారని మొదలెట్టాడు. నాన్న ఊరుకుంటారా? దీవులు జపాన్ వాళ్ల చేతిలో ఉన్నప్పుడు నేతాజీ వచ్చి 1943 డిసెంబర్ 30న ఇదే ఊళ్లో జెండా ఎగరేశారు బాబూ, ఖైదీగా ఎప్పుడొచ్చారు అని హిందీలో పాఠం అందుకున్నారు. ఇక మా గైడ్ నాన్నే, వెనకాల వేరే గ్రూపు వాళ్లు కూడా చేరారు.

1857 తిరుగుబాటు అయ్యాక, 1858 నుంచే ఖైదీల్ని ఈ దీవులకి తెచ్చి పడేశారు. ఈ కట్టడం మాత్రం 1896లో మొదలై 1906కి పూర్తయింది. నడుమ కాపలా బురుజు, దాని చుట్టూ సైకిల్ చక్రం పుల్లల్లా ఏడు వరసలు, మూడేసి అంతస్తులు, ఇప్పుడు మిగిలినవి మూడే వరసలు. ఒక వరస గదులకి ఎదురుగా పక్క వరస వీపు ఉండేలా కట్టారు, కాబట్టి చువ్వల్లోంచి ఎంత చూసినా గోడే తప్ప ఇంకో ఖైదీ మొహం కనపడదు.

తలుపు గడియ చూడండి, అది మాత్రం మిస్ కావద్దు. తలుపు ఇక్కడుంటే గడియ దూరంగా గోడలో చేసిన గూట్లో ఉంటుంది. నాన్న లోపల నిలబడి చువ్వల్లోంచి చెయ్యి భుజం దాకా దూర్చి, వేళ్లతో గోడంతా తడిమారు. ఆరడుగుల మనిషికి అందలేదు. "చాల్లెండి, బయటికి రండి" అంది అమ్మ. నవ్వుతూనే అంది కానీ గొంతులో కంగారు తెలిసిపోయింది.

గానుగ దగ్గర ఇంకాసేపు ఉండాల్సింది. ఒక్కో ఖైదీ రోజుకి 30 పౌన్లు, అంటే పదమూడున్నర కేజీల పైచిలుకు కొబ్బరి నూనె తీయాల్సి వచ్చేది. మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో గానుగెద్దుకైనా మధ్యాహ్నం కాస్త నీడ దొరికేది. 1933లో ఇక్కడి ఖైదీలు చేసిన నిరాహార దీక్షలో ముక్కులోంచి గొట్టం వేసి బలవంతంగా పాలు పోస్తే మహావీర్ సింగ్, మోహన్ కిశోర్ నామదాస్, మోహిత్ మైత్రా ప్రాణాలు పోయాయి. అల్లూరి మన్యం పోరాటంలో పట్టుబడిన వాళ్లలో కొందరిని కూడా అండమాన్‌కే పంపారని నాన్న చెబుతుండగానే బయట మా కారు హారన్.

లైట్ అండ్ సౌండ్ షో ప్యాకేజీలో ఉందన్నారు, టికెట్లు అయిపోయాయన్నారు. మర్నాడు మా డబ్బులతో మేమే వెళ్లాం. ఆవరణలోని రావిచెట్టు కథ చెబుతుంది, హిందీలో. అమ్మకి హిందీ అంతంతమాత్రం, నాన్న ఆమె చెవిలో తెలుగులో చెబుతుంటే ముందు వరస వాళ్లు రెండుసార్లు వెనక్కి తిరిగి చూశారు.

వెళ్లేవాళ్లు జైలుకి పొద్దున్న తెరవగానే వెళ్లండి, ఆ పూట ఇంకేమీ పెట్టుకోకండి. ప్యాకేజీ అయితే జైలుకి ఎన్ని గంటలో, గైడ్ ఎవరో కాగితం మీద రాయించుకోండి.

వచ్చాక ఓనర్‌ని అడిగితే "జైలే కదా సార్, ఖాళీ గదులు, ఎంతసేపని చూస్తారు" అన్నాడు. షో టికెట్ల డబ్బులు మాత్రం తిరిగిచ్చాడు. వచ్చే నెల బ్యాచ్ పాంప్లెట్ నిన్న మా పేపర్‌లో పెట్టి వేశారు, అందులోనూ జైలు సగం రోజే ఉంది.