ఒంగోలు రిమ్స్ ఏఆర్‌టీ సెంటర్: సూది గుచ్చుకున్న నాకు దొరికిన సాయం

నేను ఒంగోలులో ఒక ప్రైవేటు నర్సింగ్‌హోమ్‌లో స్టాఫ్ నర్సుని. నైట్ డ్యూటీలో పదకొండింటికి ఒక పెద్దామెకు రక్తం తీసి, సూదికి మళ్లీ క్యాప్ పెట్టబోతుంటే నా ఎడమ బొటనవేలికి దిగింది. గ్లవ్ లోపల ఎర్రటి చుక్క. ఆమె అది చూసి నా చెయ్యి పట్టుకుని మెల్లగా చెప్పింది. "పాపా, నేను ఏఆర్‌టీ మందులు వాడుతున్నా. నీకు చెప్పకపోతే నాకు పాపం తగులుతుంది." ఏఆర్‌టీ అంటే హెచ్‌ఐవీ ఉన్నవాళ్లు వాడే మందులు.

మా దగ్గర పెప్ మాత్రలు, అంటే ఇలా గుచ్చుకున్నాక హెచ్‌ఐవీ సోకకుండా వేసుకునేవి, లేవు. పొద్దున చూద్దాంలే అన్నారు. వేలు పిండమని ఒకరు, స్పిరిట్ పొయ్యమని ఒకరు. రెండూ చెయ్యకూడదు. సబ్బు పెట్టి పంపు కింద కడుక్కుని, ఆటో ఎక్కి రిమ్స్ క్యాజువాలిటీకి పోయాను. డ్యూటీ డాక్టర్ అడిగిన మొదటి మాట, "ఎంతసేపైంది?" గంట కూడా కాలేదు. మొదటి మాత్ర అక్కడే వేసుకున్నా. రెండు గంటల్లోపు మొదలుపెడితే మంచిది, 72 గంటలు దాటితే లాభం లేదు.

పొద్దున్నే ఏఆర్‌టీ సెంటర్‌కు వెళ్లా. కౌన్సిలర్ మేడమ్ తలుపు దగ్గరికి వేసి, నా ఒప్పుకోలు తీసుకున్నాకే పరీక్ష రాశారు. పెప్ వాడకపోయినా ఇలా గుచ్చుకున్న వెయ్యి మందిలో సోకేది సుమారు ముగ్గురికే అని, ఆ పెద్దామె క్రమంగా మందులు వాడుతుంటే ఇంకా తక్కువని చెప్పారు. అప్పుడుగానీ నాకు అన్నం సహించలేదు. వేరే ఏం మందులు వాడుతున్నావని మేడమ్ అడగకపోతే, ఐరన్ మాత్ర దీంతో కలిపి వేసుకునేదాన్ని. నా పెప్ మాత్రలో ఉండే డోలుటెగ్రావిర్ అనే మందుతో ఐరన్, కాల్షియం కలిపి వేసుకుంటే మందు సరిగ్గా ఒంటికి పట్టదట. నర్సునైనా నాకది తెలియదు.

రోజుకు ఒక్క మాత్ర, 28 రోజులు. కొన్నాళ్లు వికారం. ఒక్క రూపాయి తీసుకోలేదు. పరీక్షలన్నీ అయ్యేదాకా కండోమ్ వాడమని మా ఆయనకు కూడా వాళ్లే ఓపిగ్గా చెప్పారు. అత్యాచారం జరిగిన ఆడవాళ్లకు కూడా ఈ మందు ఇస్తారు, ఇది అందరికీ తెలియాలి. నా వరకు ఐదుకు ఐదు.

ఆరు వారాలకు నెగటివ్. మూడో నెల పరీక్షకు వెళ్లిన రోజు ఆ పెద్దామె మందుల వరుసలో కనిపించింది. నెగటివ్ వచ్చిన రిపోర్టు ఆమెకే ముందు చూపించాను.