బరోలో, బర్బేరా: తొమ్మిదేళ్ల తర్వాత నా మాట

మొదటిసారి బరోలో అనే రెడ్ వైన్ తాగినప్పుడు నాకు అస్సలు నచ్చలేదు. ఇటలీలోని తూరినోలో చదువు పూర్తయి ఉద్యోగం దొరికిన వారం, నలభై యూరోలు పెట్టి కొన్న సీసా అది. పచ్చి జామపిందె కొరికినట్టు నాలుక పట్టేసింది. సగం అలాగే వదిలేశాం. అప్పటి నుంచి తొమ్మిదేళ్లుగా ఇంట్లో దాదాపు ప్రతి వారం ఒక సీసా తెరుస్తూనే ఉన్నాం, ఎక్కువగా తూరినో చుట్టూ ఉన్న ఈ పీడ్‌మాంట్ ప్రాంతానిదే. ఆ రోజు తప్పు వైన్‌ది కాదని ఇప్పుడు తెలుసు. నాలుగేళ్లు కూడా సరిగా నిండని బరోలోని, తోడుగా తిండి ఏమీ లేకుండా, బిరడా తీసిన నిమిషంలో తాగాం.

బరోలో మొత్తం నెబియోలో అనే ఒకే ఒక్క ద్రాక్షతో చేస్తారు. ఆ ద్రాక్ష తొక్కలోనూ గింజలోనూ వగరు ఎక్కువ. పాత పద్ధతిలో చేసేవాళ్లు రసం పులిసేటప్పుడూ ఆ తర్వాతా తొక్కల్ని నెల రోజులు, ఒక్కోసారి రెండు నెలలు కూడా అందులోనే నాననిస్తారు. ఆ వగరు మెత్తబడాలంటే కాలమే మందు. అందుకే బరోలోని కనీసం 38 నెలలు మాగబెట్టాలని, అందులో 18 నెలలు చెక్క పీపాల్లో ఉండాలని నిబంధన. సీసా మీద 'రిజర్వా' అని ఉంటే 62 నెలలు. అంతకాలం ఆగి అమ్మకానికి వచ్చాక కూడా, నా అనుభవంలో, ఇంకో ఐదారేళ్లు ఉంచితేనే అసలు రుచి బయటపడుతుంది. రంగు ఇటుక ఎరుపులోకి దిగుతుంది. ఎండిన గులాబీ రేకుల వాసన, దాని వెనకే రోడ్డు వేసేటప్పుడు వచ్చే తారు వాసన లాంటిది. వినడానికి వింతగా ఉంటుంది కానీ గ్లాసులో ఆ రెండూ కలిసి చాలా బాగుంటాయి.

ఇదంతా నాకు గ్లాసు దగ్గర అర్థం కాలేదు, తోటలో అర్థమైంది. మా తాతకు మేడ్చల్ దగ్గర అనాబ్-ఎ-షాహి పందిరి తోట ఉండేది. ఏడాదికి రెండుసార్లు కొమ్మ కత్తిరింపు, ఎకరానికి ఎన్ని టన్నులు దిగిందన్నదే ఇంట్లో మాట. అల్బా ఊరు దాటి, బరోలో తోటలుండే లాంగె కొండల్లోకి మొదటిసారి వెళ్లినప్పుడు నా కళ్లు ఆ తోటనే వెతికాయి. ఇక్కడ పందిరి లేదు. ఏటవాలు కొండ మీద వరసగా రాటలు, తీగలు కట్టిన నిలువు వరుసలు. కత్తిరింపు ఒక్కసారే, చలికాలంలో. ఒక్క పొడవాటి కొమ్మను ఉంచి, దాన్ని కింది తీగకు వంచి కట్టి, మిగతాదంతా తీసేస్తారు. నెబియోలోకి కొమ్మ మొదట్లో ఉన్న మొగ్గలు సరిగా కాపు ఇవ్వవు, అందుకే ఆ పొడవు.

ఆగస్టులో ఒక రైతు ఆరోగ్యంగా ఉన్న పచ్చి గుత్తుల్ని కోసి నేల మీద పడేస్తుంటే నాకు మనసొప్పలేదు. బరోలో తోటలో హెక్టారుకు 8 టన్నులకు మించి కాపు తీయకూడదని ఆయనే చెప్పాడు. మిగిలిన గుత్తులకు బలం చేరాలంటే ఇవి పోవాలి. మా తాత అక్కడ నిలబడి ఉంటే ఏమనేవాడో అని చాలాసేపు ఆలోచించాను. ఆకుల మీద మాత్రం అదే నీలి పొడి: మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో మిశ్రమం. బూజు తెగులుకు అక్కడా ఇక్కడా అదే మందు.

నెబియోలో ముందుగా చిగురిస్తుంది, ఆలస్యంగా పండుతుంది. కోత అక్టోబరులో, లోయల్లో పొగమంచు దిగే రోజుల్లో. పొగమంచుకు ఇటాలియన్‌లో 'నెబ్బియా' అంటారు, ద్రాక్షకు ఆ పేరు దాని నుంచే వచ్చిందని చెబుతారు. అంత ఆలస్యంగా పండే కాయకు ఎండ బాగా తగిలే దక్షిణపు వాలు కావాలి. చలికాలంలో మంచు ఎక్కడ ముందు కరుగుతుందో చూసి పాతవాళ్లు ఆ చోటు ఎంచుకునేవారట. అలాంటి వాలును స్థానిక భాషలో 'సొరీ' అంటారు.

కొనేవాళ్లకు ఇదే పనికొస్తుంది: బరోలో అంటే ఒకే రుచి కాదు. లా మోర్రా ఊరి వైపు నేల నీలి బూడిద రంగు సున్నపు మట్టి, అక్కడి వైన్ కాస్త మృదువు, వాసన ఎక్కువ. సెర్రలుంగ ఊరి వైపు ఇసుకరాయి కలుస్తుంది, ఆ వైన్ గట్టిది, ఇంకా ఎక్కువ ఏళ్లు ఆగాలి. నాలాంటి ఓపిక తక్కువవాళ్లు లా మోర్రాతో మొదలుపెట్టడం మేలు. సీసా మెడ మీద నంబరున్న ప్రభుత్వ పట్టీ చూడండి. 1980లో బరోలోకి డి.ఓ.సి.జి. హోదా, అంటే ఇటలీలో వైన్‌కిచ్చే పై స్థాయి గుర్తింపు, వచ్చింది, ఆ పట్టీ దానికి గుర్తు. నియమాలు పాటించారని అది చెబుతుంది, బాగుంటుందని మాత్రం హామీ ఇవ్వదు.

ఒక నష్టం చెప్పాలి. రెండు మంచి సీసాలు వంటింట్లో ఫ్రిజ్ పైన పెట్టాను. జూలై ఎండలకు రెండూ పాడయ్యాయి, ఉడికిన పండ్ల వాసన వచ్చింది. చాలా బాధేసింది. ఇప్పుడు అపార్ట్‌మెంట్ కింద నేలమాళిగ గదిలో పడుకోబెడుతున్నాను.

రోజువారీ వాడకానికి నా ఓటు బరోలోకి కాదు, ఇక్కడిదే మరో ద్రాక్షతో చేసే రెడ్ వైన్ బర్బేరాకి. ఎనిమిది, పది యూరోలకు దొరుకుతుంది. వగరు తక్కువ, పులుపు ఎక్కువ. టమాటా వేసిన కూరతో, వేపుడు మాంసంతో చక్కగా నడుస్తుంది. మన కారం ఉన్న రోజు బరోలో మాత్రం తెరవద్దు, వగరు కారాన్ని ఇంకా మండిస్తుంది. గోంగూర మటన్ చేసిన రోజు మేం మొస్కాతో ద'అస్తి అనే తెల్ల వైన్ తీస్తాం. తియ్యగా, సన్నని నురగతో, ఆల్కహాల్ ఐదు శాతం దగ్గరే. మా అమ్మ వచ్చినప్పుడు అరగ్లాసు తాగి ఇంకొంచెం పొయ్యమంది.

మా పాప పుట్టిన 2019 సంవత్సరపు బరోలో రెండు సీసాలు కింద ఉన్నాయి. ఒకటి 2031లో తీస్తాను, మధ్యాహ్నమే బిరడా తీసి పెట్టి, రాత్రికి కారం తగ్గించి వండిన మాంసంతో.