రేణిగుంట నుంచి గన్నవరం: గాల్లో గంట, దారిలో పూట

రేణిగుంట నుంచి గన్నవరానికి ఆకాశమార్గాన సుమారు 350 కిలోమీటర్లు. తిరుపతి నుంచి గూడూరు, నెల్లూరు, ఒంగోలు మీదుగా బెజవాడకు రైలు దారి 385 దాకా ఉంటుంది. దూరంలో పెద్ద తేడా ఏమీ లేదు. అయినా విమానం ఎక్కింది అమ్మ మోకాళ్ళ కోసం. పటమటలో మామయ్య ఇంటికి రమ్మంటే, రైల్లో ఆరేడు గంటలు కూర్చోవడం తన వల్ల కాదని తేల్చేసింది.

టికెట్ మీద గంటా అయిదు నిమిషాలని ఉంది. మా ఇల్లేమో చిత్తూరులో. 6:30కి కారెక్కి పూతలపట్టు, చంద్రగిరి దాటి విమానాశ్రయం చేరేసరికి 8:30 అయింది. విమానం 10 గంటలకి. 9కల్లా కౌంటర్ మూసేస్తారు. చంద్రగిరి దగ్గర ఇడ్లీకి ఆగుదామని డ్రైవర్ అంటే వద్దన్నాను, మంచి పనే చేశాను.

2015లో ప్రారంభించిన గరుడ టెర్మినల్ అమ్మలాంటి వాళ్ళకి సరిపోయేంత చిన్నది. ఎటు చూసినా గుండ్లు, లడ్డు కవర్లు. స్కానర్ బెల్టు దగ్గర నెయ్యి వాసన గుప్పుమంది. "కొండ పక్కనే ఉన్నా దర్శనం లేకుండా పోతా ఉండాం నాయనా" అని అమ్మ నొచ్చుకుంది. టికెట్ కొన్నప్పుడే చక్రాల కుర్చీ అడిగి పెట్టుకున్నాం. అందుకు డబ్బేమీ తీసుకోలేదు, తోసుకెళ్ళిన అబ్బాయి ఓపిగ్గా మాట్లాడాడు.

విమానం ఏటీఆర్, రెండు పంకాలది. దీనికి మనం ఎక్కే తలుపు వెనక వైపు ఉంటుంది. ఆ సంగతి తెలియక ముందు వరుస సీట్లు తీసుకున్నాను, పాపం అమ్మ ఆ ఇరుకు దారిలో చివరికంటా నడవాల్సి వచ్చింది. రెక్కలు కిటికీలకి పైన ఉంటాయి కాబట్టి కింద నేలంతా కనిపిస్తుంది. ఎగిరినప్పటి నుంచి దిగేదాకా 55 నిమిషాలు. అమ్మ మంచినీళ్ళు తాగి కాస్త కునుకు తీసేలోపే బెల్టు పెట్టుకోమన్నారు.

గన్నవరంలో దిగాక అసలు చికాకు. బయట మాట్లాడుకున్న కారతను సగం దారిలో సామాను ఎక్కువంటూ ఇంకో రెండొందలు అడిగాడు. ఎండలో అమ్మని పెట్టుకుని గొడవెందుకని ఇచ్చేశాను. పటమటలో గడప తొక్కేసరికి 12:10. అంటే గంట ప్రయాణానికి మొత్తం 5 గంటల 40 నిమిషాలు! తిరుపతిలో ఉండేవాళ్ళకైతే ఇందులో గంటన్నర కలిసొస్తుంది.

అమ్మని అక్కడే దింపి, నేనొక్కణ్ణే రాత్రి రైలెక్కాను. థర్డ్ ఏసీ టికెట్ విమానం ఖర్చులో నాలుగో వంతు కూడా కాలేదు. పడుకుంటే రేణిగుంటలోనే మెలకువ వచ్చింది. ఒంట్లో ఓపికున్న వాళ్ళకి నా ఓటు దానికే. అమ్మని తీసుకురావడానికి మాత్రం మళ్ళీ విమానమే చూస్తున్నాను, ఈసారి వెనక వరుసలో.