మెడికల్ ఎగ్జామినర్ ఆఫీసు నుంచి వచ్చే ఫోన్: డాక్టర్ షిప్‌మన్ చేతిలో హైడ్ ఊరివాళ్ల ప్రాణాలు పోయాక వచ్చిన సర్వీసు (నా రేటింగ్ 5కి 4)

ఇంగ్లండ్‌లోనూ వేల్స్‌లోనూ ఉంటున్న మనవాళ్లలో చాలామందికి ఈ సర్వీసు ఒకటుందని తెలియదు. ఇంట్లో మనిషి పోయాక తెలుస్తుంది. అప్పటికి ఏదీ చెవికెక్కే పరిస్థితిలో ఎవరూ ఉండరు. అందుకే తీరికగా ఉన్నప్పుడు చదువుకుంటారని రాస్తున్నాను.

2024 సెప్టెంబరు 9 నుంచి ఇక్కడ చట్టం మారింది. కరోనర్ (అసహజమైన, అనుమానం ఉన్న మరణాల్ని విచారించే అధికారి) దాకా వెళ్లని ప్రతి మరణాన్నీ, ఆసుపత్రిలో జరిగినా ఇంట్లో జరిగినా, మెడికల్ ఎగ్జామినర్ అనే సీనియర్ డాక్టర్ చూడాలి. పోయినవాళ్లకి వైద్యం చేసినవాళ్లలో ఆయన ఉండకూడదు. రికార్డులు చదువుతారు, మరణ కారణం సరిగ్గా రాశారా అని చూస్తారు, వాళ్ల ఆఫీసు నుంచి ఇంటికి ఫోన్ చేసి మాట్లాడతారు. అదంతా అయ్యాకే కాగితం మరణాలు నమోదు చేసే రిజిస్ట్రార్‌కి వెళుతుంది. మనం కట్టేదేమీ లేదు. ఇదివరకు దహనానికి ప్రత్యేకంగా ఒక ఫారం ఉండేది, దానికి డాక్టర్‌కి 82 పౌండ్లు కట్టాల్సి వచ్చేది. అది కూడా తీసేశారు.

మా మామయ్యగారిది పాలకొల్లు. చివరి రోజుల్లో మా దగ్గరే, గ్రేటర్ మాంచెస్టర్‌లోనే ఉన్నారు. గుండె బాగా బలహీనపడింది, ఇక ఆసుపత్రికి తిప్పొద్దని అందరం కలిసి అనుకున్నాం. జీపీ (ఇక్కడి ఫ్యామిలీ డాక్టర్) మందులు రాసిచ్చారు, డిస్ట్రిక్ట్ నర్సులు ఇంటికే వచ్చేవాళ్లు. పోయిన చలికాలంలో ఒక గురువారం రాత్రి ఆయాసం ఎక్కువైతే నర్సు వచ్చి ఇంజెక్షన్ ఇచ్చింది. ఆయన నిద్రపోయారు. తెల్లవారుజామున ప్రాణం పోయింది.

మా అత్తయ్యగారు ఏడవలేదు. మర్నాడంతా ఒకటే మాట: "ఆ ఇంజక్షన్ ఇవ్వకపోతే లేచేవారేమోనమ్మా." మా ఆయన చిరాకుపడ్డారు, "ఇప్పుడవన్నీ ఎందుకమ్మా" అని. నేను ఫార్మసీలో పనిచేస్తాను. ఆ మందేమిటో, ఎంత మోతాదులో ఇస్తారో నాకు తెలుసు. అయినా కోడలు చెప్పే మాట వేరు, సంబంధం లేని డాక్టర్ చెప్పే మాట వేరు.

ఫోన్ సోమవారం వచ్చింది. మెడికల్ ఎగ్జామినర్ ఆఫీసర్ అని పరిచయం చేసుకుంది ఒకావిడ. సానుభూతి రెండు మాటల్లో చెప్పి, సర్టిఫికెట్‌లో ఏం రాయబోతున్నారో ఒక్కో లైనూ చదివింది. గుండె వైఫల్యం, దాని వెనక గుండె రక్తనాళాల జబ్బు, పక్కన షుగరు. ఒక్కోటీ చదివి "ఇది మీకు అర్థమైందా, మీరు చూసినదానికి సరిపోతోందా" అని అడిగింది. తర్వాత, "ఆయనకి అందిన వైద్యం గురించి మీలో ఎవరికైనా, ఏ చిన్న సందేహమైనా ఉందా?" అంది. స్పీకర్లో పెట్టి ఆ ప్రశ్నని అత్తయ్యగారికి తెలుగులో చెప్పాను. ఆవిడ వెంటనే ఇంజెక్షన్ సంగతి అడిగారు.

ఈ సర్వీసుకి నేను నాలుగు స్టార్లు ఇవ్వడానికి కారణం ఆ తర్వాత జరిగిందే. "అది మామూలే" అని కొట్టిపారేయలేదు. ఎన్నింటికి ఇచ్చారు, ఇచ్చాక ఊపిరి ఎలా ఉంది, మాట్లాడారా అని అడిగి రాసుకుంది. ఇంట్లో నర్సులు ఉంచిన ఫైల్లో మందుల చార్టు పేజీ ఫొటో తీసి పంపమంది. సాయంత్రం డాక్టరే స్వయంగా ఫోన్ చేశారు. ఆ చార్టులో మార్ఫిన్ ఎంత ఇచ్చారు, ఏ టైముకి, సీసాలు ఎన్ని వాడారు, ఎన్ని మిగిలాయి, అన్నిటికీ సంతకాలున్నాయని చెప్పి, అంత మోతాదు ఆయాసం తగ్గించడానికి ఇచ్చేదేననీ, ప్రాణం తీసేది కాదనీ నిదానంగా వివరించారు. అత్తయ్యగారు మొత్తం విని, "అడిగితే చెప్పారు, అంతే చాలు" అన్నారు. ఆ రాత్రి ఏడ్చారు.

ఇంజెక్షన్ గురించి అడగడం ఇక్కడ ఎవరికీ వింతగా అనిపించదు. మాంచెస్టర్ పక్కనే ఉన్న హైడ్ ఊళ్లో హెరాల్డ్ షిప్‌మన్ అనే డాక్టర్ మనుషుల్ని చంపింది ఇంజెక్షన్‌తోనే.

మా ఫార్మసీలో పెద్దవాళ్లకి ఆ పేరు ఎత్తితే ఇప్పటికీ ముఖం మారిపోతుంది. 1946లో నాటింగ్‌హామ్‌లో పుట్టాడు. 17 ఏళ్లప్పుడు తల్లి ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయింది, ఆఖరి రోజుల్లో డాక్టర్ ఇంటికొచ్చి ఆవిడకి మార్ఫిన్ ఇస్తుంటే చూశాడు. చాలామంది అతని నేరాలకి కారణం అక్కడే వెతుకుతారు. నాకా వాదన నచ్చదు. తల్లి నొప్పిని డాక్టర్ తగ్గిస్తుంటే చూసిన పిల్లలు ఎంతోమంది ఉంటారు, వాళ్లెవరూ హంతకులు కాలేదు.

లీడ్స్‌లో మెడిసిన్ చదివి, టాడ్‌మోర్డెన్‌లో జీపీగా చేరాడు. అక్కడ 1975లో పెథిడిన్ అనే మత్తు కలిగించే నొప్పి మందు కోసం దొంగ ప్రిస్క్రిప్షన్లు రాసి, తానే వాడుకుంటూ పట్టుబడ్డాడు. 600 పౌండ్ల జరిమానా పడింది, చికిత్స చేయించుకున్నాడు. లైసెన్సు మాత్రం పోలేదు. 1977లో హైడ్ వచ్చాడు, తొంభైల్లో మార్కెట్ స్ట్రీట్‌లో సొంత సర్జరీ (ఇక్కడ జీపీ క్లినిక్‌ని అలాగే అంటారు) పెట్టాడు. పేషెంట్లు మూడు వేల పైచిలుకు. పిలిస్తే ఇంటికొచ్చే డాక్టర్, ఓపిగ్గా కూర్చుని మాట్లాడే డాక్టర్ అని పేరు. అతని దగ్గర పేరు రాయించుకోవడానికి జనం ఎదురుచూసేవాళ్లు.

చంపిన పద్ధతి దాదాపు ఒక్కటే. ఎక్కువగా ఒంటరిగా ఉండే పెద్దవయసు ఆడవాళ్లు. ఇంటికి వెళ్లి డయామార్ఫిన్ (మార్ఫిన్ కన్నా బలమైన నొప్పి మందు) ఎక్కించేవాడు. క్యాన్సర్ పేషెంట్ల పేరు మీద రాసినదీ, వాళ్లు పోయాక ఇంట్లో మిగిలినదీ దాచుకునేవాడు. మనిషి కుర్చీలో, పూర్తిగా బట్టలు కట్టుకుని, కునుకు తీస్తున్నట్టు కనిపించేది. సర్టిఫికెట్ రాసేది అతనే. గుండెపోటు అనో వృద్ధాప్యం అనో రాస్తే కాదనేవాళ్లు లేరు. జబ్బేమీ లేని మనిషికి కంప్యూటర్ రికార్డులో పాత తేదీలు వేసి జబ్బు పుట్టించేవాడు. దహనం చేస్తే అప్పట్లో రెండో డాక్టర్ సంతకం కావాల్సి వచ్చేది, కానీ ఆ రెండో డాక్టర్ ఎక్కువగా మొదటి డాక్టర్ మాట నమ్మి సంతకం పెట్టేవాడు. ఇంట్లోవాళ్లని పిలిచి అడగాలన్న నియమం లేదు.

అనుమానం వచ్చినవాళ్లలో శవాల్ని సిద్ధం చేసే ఫ్యూనరల్ వాళ్లున్నారు. దగ్గర్లోని బ్రూక్ సర్జరీ డాక్టర్ లిండా రేనాల్డ్స్, షిప్‌మన్ రెండో సంతకం కోసం తమకి పంపే దహనం ఫారాలు అన్నన్ని ఎందుకొస్తున్నాయని లెక్క చూసుకుని, 1998 మార్చిలో కరోనర్‌కి చెప్పింది. పోలీసులు పైపైన విచారించి ఏప్రిల్ 17న ఫైలు మూసేశారు. ఆ తర్వాత మరో ముగ్గురిని చంపాడు. ఆ ముగ్గురి గురించి చదివినప్పుడల్లా నాకు కడుపు రగిలిపోతుంది.

చివరావిడ క్యాథ్లీన్ గ్రండీ, 81 ఏళ్లు, ఒకప్పుడు హైడ్ మేయరెస్. జూన్ 24న ఇంట్లో చనిపోయి కనిపించింది. ఆస్తి మొత్తం, 3,86,000 పౌండ్లు, డాక్టర్‌కి రాసినట్టు ఒక వీలునామా బయటికొచ్చింది. కూతురు లాయరు. అమ్మ ఇలాంటి కాగితం టైప్ చేయదని పట్టుబట్టింది. టైపు షిప్‌మన్ మెషీన్‌ది, కాగితం మీద అతని వేలిముద్ర ఉంది. ఆగస్టు 1న సమాధి తవ్వి చూస్తే ఒంట్లో డయామార్ఫిన్. ఆవిడకి మత్తుమందు అలవాటని తన కంప్యూటర్లో రాసి చూపించాడు. ఆ మాటలు ఏ రోజు, ఏ నిమిషంలో ఎక్కించాడో హార్డ్‌డిస్క్ చెప్పేసింది. సెప్టెంబరు 7న అరెస్టు చేశారు.

ప్రెస్టన్ క్రౌన్ కోర్టులో 1999 అక్టోబరు 5న విచారణ మొదలైంది. 2000 జనవరి 31న 15 హత్యల్లోనూ, వీలునామా ఫోర్జరీలోనూ దోషి అని తేల్చి యావజ్జీవ శిక్ష వేశారు. నేరం ఒప్పుకోలేదు, కారణం చెప్పలేదు. 2004 జనవరి 13న వేక్‌ఫీల్డ్ జైల్లో ఉరేసుకున్నాడు.

కోర్టు తేల్చింది 15. జడ్జి డేమ్ జానెట్ స్మిత్ నడిపిన విచారణ 2002లో 215 మందిని చంపాడని తేల్చింది, అందులో 171 మంది ఆడవాళ్లు. మొత్తం సుమారు 250 ఉండొచ్చని తర్వాత అంచనా వేసింది. చాలామంది దహనమైపోయారు. వాళ్ల విషయంలో మిగిలింది కాగితాలూ, మనుషుల జ్ఞాపకాలే. మనం దహనం చేసేవాళ్లం కాబట్టి ఈ సంగతి మనకి ఇంకా ముఖ్యం. ఒకసారి చితి మీద పెట్టాక, సందేహం ఉన్నా తేల్చుకునే దారి ఉండదు. అడిగేదేదో ముందే అడగాలి.

డేమ్ జానెట్ స్మిత్ 2003లో ఇచ్చిన మూడో రిపోర్టు మరణ ధృవీకరణ మీదే. మరణ కారణాన్ని ఒక్క డాక్టర్ చేతిలో వదలొద్దనీ, కుటుంబాన్ని అడగాలనీ చెప్పింది. మెడికల్ ఎగ్జామినర్ పద్ధతిని 2009లో చట్టంలో పెట్టారు. అందరికీ తప్పనిసరి కావడానికి 2024 దాకా పట్టింది. ఇంత ఆలస్యాన్ని నేను క్షమించలేను.

ఇది ఇంకో షిప్‌మన్‌ని ఆపుతుందా? రికార్డులు చదవడం ఒక్కటే అయితే ఆపదు, ఎందుకంటే రికార్డు రాసేది ఆ డాక్టరే. ఈ సర్వీసులో అసలు బలం ఫోనే. "నిన్న మార్కెట్‌కి వెళ్లొచ్చింది, గుండెజబ్బు ఏనాడూ లేదు" అని కూతురు చెప్పే ఒక్క మాట ఆ రికార్డుని బద్దలు కొడుతుంది. హైడ్‌లో ఆ మాట చెప్పగలిగినవాళ్లు వందల్లో ఉన్నారు. సర్టిఫికెట్ రాసే వేళకి వాళ్లని అడిగినవాళ్లు లేరు. మా ఫార్మసీలో కూడా మార్ఫిన్ ఒక్క ఆంపూల్ (ఇంజెక్షన్ మందు ఉండే చిన్న గాజు సీసా) తేడా వస్తే లెక్క తేలేదాకా ఎవరూ ఇంటికి వెళ్లరు. కొత్తగా చేరిన పిల్లలు విసుక్కుంటే హైడ్ సంగతి చెబుతాను.

స్టారు తగ్గించిన కారణాలు కూడా చెప్పాలి. మా ప్రాంతపు ఆఫీసు శని, ఆదివారాలు పనిచేయలేదు. శుక్రవారం పోతే సోమవారం దాకా ఆగాలి. మనకి మూడో రోజు, పదో రోజు లెక్కలుంటాయి, ఆ రెండు రోజులు అత్తయ్యగారు కుదురుగా కూర్చోలేకపోయారు. మత ఆచారం వల్ల త్వరగా చేయాలంటే సెలవురోజుల్లో చూసే ఏర్పాటు కొన్నిచోట్ల ఉంది, మాకు చెప్పినవాళ్లు లేరు. మొదటి ఫోన్ నంబరు కనిపించకుండా వచ్చింది, మా ఆయన ఎత్తలేదు. ఇంటర్‌ప్రెటర్ కావాలా అని వాళ్లంతట వాళ్లు అడగలేదు. మా ఇంట్లో నేనున్నాను. ఇంగ్లిష్ రాని భర్తో భార్యో ఒక్కరే ఉండే ఇంటికి అది పెద్ద లోటు.

మీ ఇంట్లో అవసరం పడితే: ఆ వారం నంబరు కనిపించని ఫోన్లు కూడా ఎత్తండి. ఫోన్ వచ్చేసరికి దగ్గరుండి చూసుకున్న మనిషి పక్కన ఉండాలి, పెద్దకొడుకు ఒక్కడూ మాట్లాడితే సరిపోదు. తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలంటే అడగండి, ఏర్పాటు చేస్తారు. నర్సుల ఫైలు తిరిగిచ్చేముందు మందుల పేజీలు ఫొటో తీసి ఉంచుకోండి. మెడికల్ ఎగ్జామినర్ నుంచి రిజిస్ట్రార్‌కి కాగితం వెళ్లిన దగ్గర్నుంచి ఐదు రోజుల్లో రిజిస్టర్ చేయించాలి. దహనానికి కావాల్సిన గ్రీన్ ఫారం అక్కడే ఇస్తారు. అస్థికలు ఇండియా తీసుకెళ్లేవాళ్లు డెత్ సర్టిఫికెట్ కాపీలు అదనంగా అదే రోజు తీసుకోండి. స్కాట్లాండ్‌లో పద్ధతి వేరు, అక్కడివాళ్లు స్థానికంగా కనుక్కోండి.