షార్ట్‌వేవ్‌కి ఏది మేలు: ఫెర్రైట్ రాడ్డా, రింగు లూపా, డాబా మీద వైరా?

పాత ట్రాన్సిస్టర్ విప్పితే లోపల నల్లటి ఫెర్రైట్ (అయస్కాంత గుణమున్న పింగాణీ లాంటి పదార్థం) కడ్డీ, దాని మీద సన్నటి రాగి తీగ చుట్లు కనిపిస్తాయి. అది మీడియం వేవ్ కోసం. షార్ట్‌వేవ్ చాలా సెట్లలో పైకి లాగే ఏరియల్ నుంచే వస్తుంది. అందుకే అలాంటి కడ్డీకే ఇంకో కాయిల్ చుట్టి రేడియో పక్కన పెడితే మీడియం వేవ్ గట్టిగా పలుకుతుంది గానీ, షార్ట్‌వేవ్‌లోని 31 మీటర్ల బ్యాండు ఎక్కడిదక్కడే ఉంటుంది.

షార్ట్‌వేవ్‌కి పనికొచ్చే ఫెర్రైట్ లేకపోలేదు. 61 రకం రాడ్ దొరికితే 7 మెగాహెర్ట్జ్ దాకా బాగానే పనిచేస్తుంది. చిక్కల్లా సైజుతోనే. 250 పికోఫారడ్‌ల గ్యాంగ్ కండెన్సర్‌తో (రేడియోలో స్టేషన్ మార్చడానికి తిప్పే కండెన్సర్) 7 మెగాహెర్ట్జ్‌కి ట్యూన్ కావాలంటే 2 మైక్రోహెన్రీల కాయిల్ చాలు, అంటే ఏడెనిమిది చుట్లు. సెంటీమీటరు మందం, 10 సెంటీమీటర్ల పొడవున్న రాడ్ మీద ఆ చుట్లన్నీ కలిపినా సిగ్నల్ పట్టడంలో సుమారు 250 చదరపు సెంటీమీటర్ల లూపుతో (రింగులా చుట్టిన వైరుతో) సమానం. 60 సెంటీమీటర్ల రింగుకి ఒక్క చుట్టు వేస్తే 2,800 వస్తుంది! ఖర్చు చూసినా రాగి వైరు, పాత గ్యాంగ్, ప్లాస్టిక్ పైపు, అంతే.

ఆ ఒక్క చుట్టుకే 500 పికోఫారడ్‌ల గ్యాంగ్ తగిలిస్తే 49 మీటర్ల బ్యాండు నుంచి 19 మీటర్ల దాకా వస్తుంది. లోపల 12 సెంటీమీటర్ల చిన్న చుట్టు ఒకటి పెట్టి, దాన్నుంచి కోయాక్స్ వైరు (కేబుల్ టీవీ వైరు లాంటిది) రేడియోకి ఇవ్వాలి. స్టేషన్ మార్చినప్పుడల్లా గ్యాంగ్ తిప్పుకోవాలి, విసుగే. కానీ గరగర వచ్చే వైపుకి లూపు ముఖాన్ని తిప్పి దాన్ని తగ్గించుకునే వీలు వైరుకి లేదు.

ఇక డాబా మీద 10 మీటర్ల వైరు. సిగ్నల్ బలంలో దీన్ని మించింది లేదు, ఊళ్లో ఖాళీ దొడ్డి ఉంటే కళ్లు మూసుకుని ఇదే కట్టేయండి. కరెంటు తీగలకు దూరంగా కట్టాలి, ఉరుములప్పుడు ఊడదీయాలి. ఫ్లాట్లలో మాత్రం కథ వేరు. రేడియో సిలోన్ తెలుగు పాటలు విన్న రోజుల్లో ఎల్‌ఈడీ బల్బులు, ఫోన్ చార్జర్లు, వైఫై రూటర్లు లేవు. ఇప్పుడు గోడ పక్కన లాగిన వైరు స్టేషన్‌తో పాటు వాటి గోలనీ మోసుకొస్తుంది. పైగా చవక సెట్లు అంత సిగ్నల్‌కి తట్టుకోలేవు. 455 కిలోహెర్ట్జ్ ఐఎఫ్ (వచ్చిన సిగ్నల్‌ని సెట్ లోపల మార్చుకునే ఫ్రీక్వెన్సీ) ఉన్న సెట్లో ఒకే స్టేషన్ 910 కిలోహెర్ట్జ్ అవతల మళ్లీ వినిపిస్తుంది.

అపార్ట్‌మెంట్‌కి నా ఓటు రింగు లూపుకే. కట్టేముందు రేడియోని బ్యాటరీల మీద పెట్టి మెయిన్ స్విచ్ ఆపి చూడండి. గరగర పోతే దొంగ మీ ఇంట్లోనే ఉన్నాడు.

ఆ దొంగని పట్టడానికి ఫెర్రైట్ బాగా పనికొస్తుంది. రేడియోని మీడియం వేవ్‌లో స్టేషన్ లేని చోట పెట్టి, సెట్‌ని తిప్పుతుంటే, కడ్డీ కొన దొంగ వైపు తిరిగినప్పుడు గోల బాగా తగ్గుతుంది. దొరికిన చార్జర్ వైరుని ఫెర్రైట్ రింగులోంచి ఒకసారి దూర్చి వదిలేయకండి. నాలుగు సార్లు దూరిస్తే గోలకి అడ్డు నాలుగింతలు కాదు, దాదాపు 16 ఇంతలు.