సైకిల్‌తో పాటు ప్రమాద బీమా కొంటున్నవారికి హెచ్చరిక: ‘మద్యం వాసన’ అన్న రెండు మాటల ఖరీదు

హన్మకొండ, కాజీపేట ప్రాంతాల్లో కొత్త సైకిల్ కొనేటప్పుడు దానితో పాటు వ్యక్తిగత ప్రమాద బీమా కూడా తీసుకోమని ఎవరైనా అడిగితే, సంతకం పెట్టే ముందు మా ఇంట్లో జరిగిన సంగతి ఒకసారి చదవమని కోరుతున్నాను. వివాదం ఇంకా నడుస్తున్నందున దుకాణం పేరు గానీ, కంపెనీ పేరు గానీ, ఆ తరువాత మమ్మల్ని ముంచిన మధ్యవర్తి పేరు గానీ ఇక్కడ రాయడం లేదు.

గత వేసవిలో మా చిన్నాన్నకు గేర్ల సైకిల్ కొన్నాము. దుకాణంలోనే కుర్చీ వేసుకొని కూర్చున్న ఏజెంటు, "కింద పడినా, బండి గుద్దినా డబ్బులు వస్తాయి" అని చెప్పి ఏడాదికి 1,200 రూపాయలు కట్టించుకున్నాడు. పాలసీ పత్రం ఇంగ్లీషులో, చిన్న అక్షరాలతో వాట్సాప్‌కు వచ్చింది. మేము తెరిచి చూడలేదు, ఆ తప్పు మాదే. మద్యం లేదా మత్తు పదార్థాల ప్రభావంలో ఉండగా తగిలిన గాయాలకు చెల్లింపు ఉండదన్న వాక్యం అందులో ఉంది. వ్యక్తిగత ప్రమాద పాలసీల్లో ఈ మినహాయింపు మామూలే కాబట్టి, అది ఉన్నందుకు నాకు ఫిర్యాదు లేదు. అమ్మేటప్పుడు దాన్ని నోటితో ఒక్కమాటైనా చెప్పకపోవడమే నా ఫిర్యాదు.

దసరా మరునాడు చిన్నాన్న బంధువుల ఇంట్లో భోజనం చేసి, ఒక గ్లాసు కల్లు తాగి, సాయంత్రం మడికొండ నుంచి కాజీపేట వైపు రోడ్డు అంచునే వస్తుండగా వెనక నుంచి ట్రాలీ ఆటో గుద్దింది. కుడి వైపు కాలర్ బోన్ విరిగింది. ఆసుపత్రి క్యాజువాలిటీలో ఎంఎల్‌సి (పోలీసు కేసయ్యే గాయాలకు డాక్టరు రాసే మెడికో లీగల్ కేసు) కాగితం మీద "మద్యం వాసన ఉంది" అని రాశారు. రక్త నమూనా తీయలేదు. మనిషి తూలుతున్నాడా, మాట తడబడుతోందా, స్పృహలో ఉన్నాడా అన్నది కూడా రాయలేదు. పండుగ మరునాడు కల్లు వాసన లేని మనిషిని మన ఊళ్లలో వెతికి పట్టుకోవాలి, కానీ కంపెనీవారికి ఆ రెండు మాటలే చాలాయి. నెల తిరగకుండానే క్లెయిమ్ తిరస్కరించారు.

అసలు నష్టం దీని తరువాత జరిగింది. క్లెయిములు ఇప్పిస్తానంటూ వచ్చిన ఒక కన్సల్టెంటు, వచ్చినదాంట్లో 25 శాతం తనకివ్వాలని మాట్లాడుకొని, ముందుగా 8,000 రూపాయలు తీసుకున్నాడు. "తాగి ఉన్నాడని ఆసుపత్రే రాసింది, ఇక ఆటో మీద కేసు నిలవదు, పైగా మీ మీదే డ్రంక్ అండ్ డ్రైవ్ పెడతారు" అని భయపెట్టి, ఆటో యజమాని నుంచి 20,000 ఇప్పించి, ఇకపై ఏ బాకీ లేదన్న కాగితం మీద చిన్నాన్నతో సంతకం పెట్టించాడు. కేసులో వచ్చే డబ్బులో వాటా మాట్లాడుకోవడం న్యాయవాదులకే బార్ కౌన్సిల్ నియమాల ప్రకారం నిషిద్ధమన్న సంగతి అప్పటికి మాకు తెలియదు.

అతను చెప్పిన రెండు మాటలూ తప్పే. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్‌లోని 100 మిల్లీలీటర్ల రక్తానికి 30 మిల్లీగ్రాముల పరిమితి మోటారు వాహనం నడిపేవారికి సంబంధించినది. సైకిల్ మోటారు వాహనం కాదు. ఇక ఆటో మీద కేసు సంగతి. మన సొంత పాలసీలోని మద్యం మినహాయింపు మనకూ మన కంపెనీకీ మధ్య ఉన్న ఒప్పందం మాత్రమే. గుద్దిన బండి తప్పు వేరే లెక్క. ఆ లెక్కలో సైకిల్ మీద ఉన్నవాడు థర్డ్ పార్టీ, అంటే బండి యజమానికీ అతని బీమా కంపెనీకీ బయటి మనిషి, ఆ బండికి థర్డ్ పార్టీ బీమా చట్టరీత్యా తప్పనిసరి. తాగడం వల్లనే ప్రమాదం జరిగిందని, అంటే తూలుతూ అడ్డం వచ్చాడని అవతలివారు నిరూపిస్తే, ఆ తప్పు ఎంత పాలో అంత పరిహారం తగ్గుతుంది. ఉదాహరణకు మూడు లక్షల పరిహారంలో గాయపడినవారి తప్పు 25 శాతమని ట్రిబ్యునల్ (మోటారు ప్రమాదాల పరిహారం తేల్చే న్యాయస్థానం) తేల్చితే 2,25,000 వస్తుంది, సున్నా రాదు. మోటార్‌సైకిల్ మీద ముగ్గురు వెళ్లారన్న ఒక్క కారణంతో పరిహారం కోయడం కుదరదని, ఆ ఉల్లంఘనకూ ప్రమాదానికీ సంబంధం కనిపించాలని సుప్రీంకోర్టు 2020లో చెప్పింది. వెనక నుంచి గుద్దించుకున్న మనిషికి ఆ మాట ఎంతో ఉపయోగపడుతుంది.

సొంత పాలసీ విషయంలో మాత్రం అంత ధీమా వద్దు. మినహాయింపు వర్తిస్తుందని నిరూపించాల్సిన బాధ్యత కంపెనీదే అయినా, రక్త పరీక్ష లేకున్నా వాసనతో పాటు ప్రమాదం జరిగిన తీరును చూసి మత్తు ప్రభావాన్ని తేల్చవచ్చని 2021లో ఢిల్లీకి చెందిన ఒక పోర్షె కారు కేసులో సుప్రీంకోర్టే అన్నది. ఆ కారు దానంతటదే ఫుట్‌పాత్‌ను ఢీకొని బోల్తా పడింది. మా చిన్నాన్నను వేరే బండి వెనక నుంచి గుద్దింది. ఈ తేడానే పట్టుకొని కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేశాము. నెల గడిచినా సరైన జవాబు రాకపోతే హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్ (బీమా కంపెనీల మీద ఫిర్యాదులు విని తేల్చే అధికారి) దగ్గరకు వెళ్లవచ్చు. అక్కడ రుసుము లేదు, వకీలు అవసరం లేదు.

ఇలాంటి పరిస్థితి వచ్చినవారు ముందు ఎఫ్‌ఐఆర్ నమోదు చేయించండి, ఆసుపత్రి రికార్డుల నకళ్లు రాతపూర్వకంగా అడగండి. అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని వైద్యుల నియమావళిలోనే ఉంది. మనిషి స్పృహలో ఉండి సరిగ్గా మాట్లాడుతుంటే ఆ మాట కూడా కేస్ షీటులో రాయమని డాక్టరును అక్కడే అడగండి, మేము అడగలేదు. 2022 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న మోటారు వాహనాల చట్టం సవరణ ప్రకారం ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు పరిహార దరఖాస్తు వేయాలి. మీరు నివసించే ప్రాంతంలోని ట్రిబ్యునల్‌లోనే వేసుకోవచ్చు. మధ్యవర్తి మాటలు నమ్మి మేము ఐదో నెలలో వేశాము. చిన్నాన్న సంతకం పెట్టిన కాగితం నకలు మాకు ఇవ్వనే లేదు, ఆటో తరఫు వకీలు వచ్చే వాయిదాకు దాన్నే దాఖలు చేస్తానంటున్నాడు, కన్సల్టెంటు ఫోను ఎత్తడం లేదు.